మా గుంటకి ఫ్రైలు

చావు జరిగిన ఇంట్లో మూకుడు పెట్టకూడదు. మా వైపు ఈ పట్టింపు గట్టిది. పెద్దకర్మ అయ్యేదాకా పోపు వాసన కూడా రానివ్వరు. ఉడకేసిన పప్పు, చప్పిడి కూర, చుట్టాలు క్యారియర్లలో తెచ్చిన అన్నం, అంతే. అలాంటిది, మా చెల్లెలు పోయి ఇంకా పెద్దకర్మ కాకుండానే, పాయకరావుపేట దగ్గర దాని అత్తవారింట్లో, అందరూ చూస్తుండగా నేను పొయ్యి మీద మూకుడు పెట్టి నూనె పోశాను.

ఎందుకంటే దాని కూతురు అడిగింది. ఆ గుంటకి అప్పటికి ఐదేళ్ళు కూడా నిండలేదు. జ్వరమని వాళ్ళమ్మని విశాఖపట్నం తీసుకెళ్ళారు. నడిచి కారెక్కిన మనిషిని మోసుకుని తెచ్చారు. అప్పట్నించి ఆ పిల్ల "అమ్మా, అమ్మా" అని ఏడుస్తూనే ఉంది. ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయేది. వీధిలో ఆటో చప్పుడైతే చాలు, గుమ్మంలోకి పరిగెత్తేది. ఊళ్ళో ఆడవాళ్ళు "అమ్మ దేవుడి దగ్గరికెళ్ళిందే తల్లీ" అంటే, "మరి సాయంత్రానికి వచ్చేస్తదా?" అని అడిగేది. తిండి ముట్టుకోలేదు. చివరికి గొంతు బొంగురుపోయి, నా పక్కన వచ్చి కూలబడి, "పెద్దమ్మా, ఫ్రైలు" అంది.

ఫ్రైలంటే బేకరీల్లో అమ్మే పొడుగు దుంపముక్కలు, వాళ్ళమ్మ ఆదివారం ఆదివారం చేసిపెట్టేదట. నాకేం తెలుసు! నేను బంగాళాదుంప వేపుడు చేస్తే నర్సీపట్నంలో మా వీధి వీధంతా గిన్నెలు పట్టుకొచ్చేవారు గానీ, ఈ ఫ్రైలు నేను ఎన్నడూ చెయ్యలేదు. అయినా దుంపలు తరిగాను. మా చెల్లెలి అత్తగారు పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మా, ఇదేటి పని! మైల ఇంట్లో మూకుడెడతావేటి? నలుగురూ ఏటనుకుంతారు?"

"సచ్చిపోయింది మా సెల్లి. అదే ఇక్కడుంటే, బేగి ఎయ్యవే అప్పా, పిల్లకి ఆకలేస్తంది అని నా మీద కేకలేస్తాది. నలుగురి సంగతి నాకొద్దు," అన్నాను. నా నోరు మంచిది కాదని రెండు ఊళ్ళకీ తెలుసు. ఆవిడ వెనక్కి తగ్గింది.

ఆ వాయి ఎలా వచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. అలవాటు చొప్పున ముక్కలకి ముందే పసుపూ ఉప్పూ పట్టించాను. ఉప్పు తగిలేసరికి దుంప నీళ్ళు వదిలేసింది. పచ్చగా, మెత్తగా, నూనె కారుతూ వచ్చాయి. ఆ పిల్ల ఒకటి కొరికి చూసింది. "అమ్మవి కరకరలాడతాయి," అని ఏడ్చింది. ఏడుస్తూనే పళ్ళెంలో ఉన్నవన్నీ తినేసింది. నేను చెంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

మా మరిది నక్కపల్లి వైపు కంపెనీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. కర్మలయ్యాక తల వంచుకుని, "వదినా, కొన్నాళ్ళు పిల్లని మీ దగ్గర ఉంచుకోండి," అన్నాడు. మాకు పిల్లలు లేరు. ఆసుపత్రులన్నీ తిరిగి, ఇంక చాల్లే అనుకున్న సంసారం మాది. ఆ కొన్నాళ్ళు కాస్తా ఏళ్ళయ్యాయి. నర్సీపట్నంలో మా ఇంటి దగ్గరి బడిలోనే చేర్పించాం. ఆర్టీసీలో డ్యూటీ దిగగానే కాంప్లెక్స్ దగ్గర కబుర్లేసుకుని కూర్చునే మా ఆయన, ఆ పిల్ల వచ్చాక తిన్నగా ఇంటికి రావడం మొదలెట్టారు. ఆ పిల్ల ఆయన్ని పెదనాన్న అనేది. నన్ను పెద్దమ్మ అనేది. ఒకటి రెండుసార్లు నిద్రకళ్ళతో అమ్మా అంది. "అమ్మ కాదురా, పెద్దమ్మని," అని నేనే దిద్దాను. చచ్చిపోయిన చెల్లెలి చోటు లాక్కున్నట్టుంటుందని నా భయం.

కానీ ఫ్రైల దగ్గర మాత్రం చెల్లెలితో పోటీ పడ్డాను. ఎలాగైనా ఆ కరకర తేవాలి. ఫోన్లో వీడియోలు చూశాను. ఒకావిడ నవ్వుతూ, ముందుగా షాపు నుంచి ఫ్రైల ప్యాకెట్ తెచ్చుకోండి అంది. ప్యాకెట్టే తెచ్చుకుంటే ఇంక నీ వీడియో దేనికమ్మా, నా తలకాయ! ఇంకో అబ్బాయి ముక్కల్ని గంటసేపు ఫ్రీజర్లో పెట్టమన్నాడు. మా ఫ్రీజర్లో చేపలుంటాయి. పెట్టి చూశాను. ఆ రోజు ఫ్రైలు తిని మా ఆయన, "వంజరం బానే ఉంది గానీ ముల్లు లేదేటి?" అన్నారు. పిల్ల పడీ పడీ నవ్వింది. మా ఇంటికొచ్చాక అది అలా నవ్వడం అదే మొదటిసారి.

దుంప దగ్గర్నుంచే ఉంది అసలు సంగతి. కొత్త దుంప పనికిరాదు, నీరెక్కువ. మొలక వచ్చిందీ, పచ్చబారిందీ అసలే వద్దు. పాతదై ఉండాలి, గట్టిగా ఉండాలి, కోస్తే వేలికి పిండి అంటాలి. అబీద్ సెంటర్ దగ్గర కూరల కొట్టతను నన్ను చూడగానే, "వచ్చేసేరండీ, బుట్ట బోర్లించీసుకోండి," అనేవాడు. తొక్క తీసి, వేలు లావున నిలువుగా కోసి, నీళ్ళు తేటగా అయ్యేదాకా కడగాలి. మరిగే నీళ్ళలో వేసి, ముక్క సగం ఉడికీ ఉడక్కుండానే తీసెయ్యాలి. తీసి పాత పంచె మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాలి. తడి ఉంటే ఇంతే సంగతులు. ఆరాక గుప్పెడు బియ్యప్పిండి పైపైన చల్లి, విరక్కుండా కలిపి, మధ్యరకం మంట మీద తెల్లగా ఉండగానే ఒక వాయి దించాలి. పూర్తిగా చల్లారనివ్వాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. చల్లారాక మంట పెంచి, పొగ రావడానికి కాస్త ముందు, నూనెలో రెండోసారి వెయ్యాలి. అప్పుడు గలగలమని చప్పుడొస్తుంది. ఉప్పూ కారం దించాకే, వేడి మీదే.

కారం నా సొంతం. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర దోరగా వేయించి, ఎండబెట్టిన వెల్లుల్లి, మామిడి ఒరుగులు వేసి దంచేదాన్ని. ఒరుగుల పులుపు తగిలితే ఆ కారానికి వచ్చే రుచి ఏ ప్యాకెట్ పొడికీ రాదు. ఆ గుంట ముక్కు కారుతూ, హుస్సు హుస్సుమంటూ తినేది. "మంటగా ఉందా?" అంటే, "ఉంది, ఇంకొంచెం ఎయ్యి," అనేది. సరిగ్గా మా చెల్లెలి బుద్ధే.

అన్నీ కుదిరినా చాలాకాలం ఒక్క చిక్కు తీరలేదు. మూకుడులోంచి తీసినప్పుడు కరకరలాడేవి, పిల్ల నోట్లోకి వెళ్ళేసరికి మెత్తబడిపోయేవి. తప్పు నాదేనని తెలియడానికి చాలా రోజులు పట్టింది. మా వంటింటి కిటికీ వీధిలోకి ఉంటుంది. వేపుడు వాసనకి పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ తొంగి చూస్తారు. తల్లి లేని పిల్ల, దాని తిండి మీద పదిమంది కళ్ళు పడితే దిష్టి తగలదా? అందుకని వేయించినవి వేయించినట్టే బేసిన్లో వేసి టక్కున మూత పెట్టేసేదాన్ని. లోపల ఆవిరి పట్టి మెత్తబడేవి. ఇది ఏ వీడియోలోనూ చెప్పరు. వాళ్ళ కిటికీల్లోంచి ఎవరూ తొంగి చూడరు కాబోలు. మూత మానేసి, కిటికీ రెక్క వేసుకోవడం మొదలెట్టాక గానీ ఫ్రైలు నిలబడలేదు. ఆ రోజు అది ఒకటి కొరికి, కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది. అమ్మవిలా ఉన్నాయని అనలేదు. అన్లేదు గానీ, వచ్చి నా నడుం పట్టుకుంది. నాకు ఇంకేం కావాలి చెప్పండి!

మా మరిది మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. చేసుకోవద్దని ఎవరన్నారు, కుర్రాడే కదా. యలమంచిలి అమ్మాయి. స్టేషన్ రోడ్డులో ఇల్లు తీసుకున్నారు. పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాను గానీ, ఆ రాత్రి నుంచే నా గుండెలో రాయి పడింది. ఇల్లు కుదిరింది, ఇల్లాలు వచ్చింది. ఇక పిల్లని అడుగుతాడు. అడిగితే ఏ మొహం పెట్టుకుని కాదంటాను? తండ్రి కదా.

ఒక శనివారం తీసుకెళ్ళాడు, అలవాటు చేద్దామని. ఆదివారం సాయంత్రానికే తెచ్చి దిగబెట్టేశాడు. "ఏటీ తినలేదు వదినా. బిర్యానీ తెచ్చినా ముట్టుకోలేదు. ఫ్రైలు కావాలంది. పాపం మా ఆవిడ సేసింది, ఇవి కాదని తోసేసింది." ఆ గుంట చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి పోయి డబ్బాలు వెతుక్కుంటోంది. నాకు ఎంత సంబరమైందో! పొయ్యి వెలిగించి, పాట పాడుకుంటూ దుంపలు కోశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా చూసి, "నువ్వు పిల్లని పెంచుతున్నావా, కట్టేసుకుంటున్నావా?" అన్నారు. ఆ పూట ఆయనకి కూర వడ్డించలేదు. అన్నం ముందు పెట్టి నా పని చూసుకున్నాను.

తరవాత కొన్నాళ్ళకి, పిల్ల బడిలో ఉన్న వేళ, ఆ యలమంచిలి అమ్మాయి ఒక్కతే బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. చేతిలో సంచీ, సంచీలో రెండు కేజీల దుంపలు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అక్కా, ఆ ఫ్రైలు ఎలగ సెయ్యాలో సూపిత్తారా?" అంది.

"మీ ఊళ్ళో బేకరీలు లేవేటి?" అన్నాను. నా నోటి సంగతి ముందే చెప్పాను కదా.

"ఉన్నాయక్కా. కొని తెచ్చేను కూడా. ఇవి మా పెద్దమ్మవి కావు అంది. రెండు రోజులు పిల్ల పస్తుండిపోనాది. నాకు అన్నం సయించలేదు." చెప్తూ చెప్తూ ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పమిటతో తుడుచుకోబోయి, చెయ్యి మట్టిగా ఉందని మానేసింది. ఆ దుంపలకి మట్టి అలాగే ఉంది.

దుంపలు చూశాను. అన్నీ కొత్తవి. "ఇవి పనికిరావు, పులుసులో పడేసుకో. లోపలికి రా," అన్నాను.

నేర్పాను. నేర్పుతున్నంతసేపూ నా లోపల ఒకటే గోల. ఈ చేత్తో నేర్పితే ఆ చేత్తో పిల్లని ఇచ్చేసినట్టే. చల్లార్చే సంగతి చెప్పకుండా మింగేస్తే చాలు, ఎన్నేళ్ళు చేసినా ఆ అమ్మాయికి కుదరదు. పిల్ల తినదు. నా దగ్గరికే వస్తుంది. మూకుడులో మొదటి వాయి దించి పళ్ళెంలో వేశాను. ఆ అమ్మాయి వెంటనే రెండోసారి వెయ్యబోయింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఆగు. ముట్టుకుంటే సల్లగుండాల. అప్పుడే ఎయ్యి," అన్నాను. పస్తున్న పిల్ల కళ్ళ ముందు మెదిలితే నేనేం చేస్తాను?

చల్లారేదాకా ఇద్దరం కూర్చున్నాం. ఆ అమ్మాయి ఫ్రైల గురించి అడగలేదు. పిల్ల ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది, తల దువ్వితే ఏడుస్తుందా, చీకటంటే భయమా అని అడిగింది. ఆ అమ్మాయిని నాలుగు మాటలనాలని వచ్చినప్పట్నించీ కాచుకుని ఉన్నాను. అవి మాని, అడిగినవన్నీ విడమర్చి చెప్పాను. వెళ్ళేటప్పుడు కారం సీసాలో పోసి ఇచ్చాను. ఒరుగులు కూడా ఒక పొట్లం కట్టాను.

బడులు తెరిచే ముందు పిల్లని తీసుకెళ్ళిపోయారు. అది కారెక్కుతూ మా ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. నేనే వేళ్ళు విడదీశాను. "శనివారం శనివారం వస్తావు కదా," అని అబద్ధం చెప్పాను. కారు మా వీధి మలుపు దాటేదాకా చెయ్యి ఊపి, లోపలికొచ్చి, ఉతికిన దాని గౌన్లు మళ్ళీ ఉతికాను. ఏం చెయ్యాలో తోచక.

ఆ వారంలోనే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"అక్కా, మీరు సెప్పినట్టే సేసేను. రెండుసార్లు ఏసేను, సల్లార్చేను. మూకుట్లో గలగలమన్నాయి. పిల్లకెట్టేసరికి మెత్తగైపోనాయి. ఏటి తప్పు సేసేనో తెలీట్లేదు."

నాకు వెంటనే తట్టింది. ఆ సంగతి నేర్పేటప్పుడు నాకు గుర్తే రాలేదు. "మూత పెట్టావేటి?" అన్నాను.

మెల్లిగా, "పెట్టేనక్కా. మా ఇంటి ముందు నుంచి స్టేషన్ కి పోయేవాళ్ళు ఒకటే తిరుగుతుంతారు. పిల్ల తిండి మీద దిష్టి పడతాదని," అంది.

ఈ పిచ్చిపని ఎవరో నేర్పితే వచ్చేది కాదు. నేర్పకుండానే ఆ అమ్మాయికి వచ్చేసింది. ఇక ఆ గుంట నాది కాదని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. "మూత తీసెయ్యి. కిటికీ ఏసుకో," అని చెప్పి పెట్టేశాను. కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి ఏమైందంటే, ఉల్లిపాయలన్నాను. వంటింట్లో ఉల్లిపాయే లేదు.

శనివారాలు పోయాయి. డ్రాయింగ్ క్లాసన్నారు, పరీక్షలన్నారు. వీడియో కాల్ లో కనిపించేది. బొద్దుగా అయింది. దసరా సెలవులకి పంపిస్తామన్నారు. సెలవులన్నీ మా దగ్గరే అన్నారు. ఇల్లంతా కడిగాను. కూరల కొట్టతనితో గొడవపడి పాతదుంపలు ఏరించాను. కారం కొత్తగా దంచాను.

వచ్చింది. పొడుగైంది. వచ్చిన రోజంతా పెదనాన్న భుజం దిగలేదు. ఫ్రైలు చేస్తే పళ్ళెం ఖాళీ చేసింది. "బాగున్నాయా?" అంటే, "సూపర్ పెద్దమ్మా," అంది. మర్నాడు పొద్దున్నా అడిగింది, చేశాను. నా ఇంటికి మళ్ళీ ప్రాణం వచ్చింది. బలిఘట్టం గుడికి తీసుకెళ్దాం, బట్టలు కొందాం అని నేనూ ఆయనా లెక్కలేసుకుంటున్నాం.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ, ఆడుకుంటున్నదల్లా ఆగి, గుమ్మంలోకి వెళ్ళి కూర్చుంది. దగ్గరికెళ్ళి చూస్తే కళ్ళనిండా నీళ్ళు.

"ఏటమ్మా? ఏటైంది? కడుపునొప్పా?"

తల అడ్డంగా ఊపింది. "ఇంటికెల్తాను," అంది.

"ఇది ఇల్లు కాదేటే?"

"మా ఇంటికి. అమ్మ కావాల," అంది.

నేను ఒక్క క్షణం చచ్చిపోయిన చెల్లెల్ని అడుగుతోందనుకున్నాను. కాదు. ఆ అమ్మాయి పేరు చెప్పి, అమ్మ దగ్గర పడుకుంటానని వెక్కి వెక్కి ఏడవడం మొదలెట్టింది. ఎత్తుకోబోతే చేతుల్లోంచి జారిపోయింది. మా ఆయన బొమ్మ తెస్తానన్నారు, బండి మీద తిప్పుతానన్నారు. వినలేదు. "అలవాటైపోద్దిలే, కాసేపు ఏడ్చి పడుకుంటాది. ఉంచుదాం," అని నా మొహం వంక చూశారు. ఉంచుకోవాలని ఆయనకెంత ఉందో నాకు తెలుసు. నాకు అంతకు పదింతలుంది.

కానీ ఆ ఏడుపు నాకు తెలుసు. తల్లి కోసం ఏడ్చే ఈ పిల్లని నేను ఒకసారి చూశాను. అప్పుడు నా దగ్గర ఏమీ లేదు, మెత్తటి దుంపముక్కలు తప్ప. ఈసారి పిలిస్తే వచ్చే తల్లి ఉంది.

నేనే ఫోన్ చేశాను. "బేగి రామ్మా," అన్నాను. "నీ కూతురు నీ కోసం ఏడుస్తంది."